పవర్ బీఐ సమీక్ష: రిఫ్రెష్ పూర్తయినా డేటా ఎందుకు తగ్గుతుంది?

అమ్మకాల రిపోర్టులో ఒక నెల మొత్తం తక్కువ చూపిస్తే ఆఫీసులో తప్పు ముందుగా పవర్ బీఐ మీదికే వస్తుంది. ఆ నింద సగమే న్యాయం. డేటాను తెచ్చుకుని రిపోర్టులుగా చూపించే ఈ సాఫ్ట్‌వేర్‌ను మైక్రోసాఫ్ట్ 2015 జూలైలో అందరికీ అందుబాటులోకి తెచ్చింది. దీని చార్టుల గురించి, డాష్‌బోర్డుల గురించి కావలసినంత రాశారు. ఇక్కడ చూసేది డేటా లోడ్ ఒక్కటే. దాని విషయంలో మా తీర్పు ఇది: రిఫ్రెష్ (సోర్స్ నుంచి డేటాను మళ్లీ తెచ్చుకోవడం) ఫెయిలైనప్పుడు పవర్ బీఐని నిశ్చింతగా నమ్మవచ్చు, ‘కంప్లీటెడ్’ అని చూపించినప్పుడే లెక్క సరిచూసుకోవాలి.

ఎందుకంటే, డేటా కాపీని పవర్ బీఐలోనే ఉంచుకునే ఇంపోర్ట్ పద్ధతిలో రిఫ్రెష్ మధ్యలో ఆగిపోతే సగం నిండిన టేబుల్ మిగలదు. పాత డేటా చెక్కుచెదరకుండా అలాగే ఉంటుంది. సర్వీస్‌లో (ఆన్‌లైన్ పవర్ బీఐలో) ఒక టేబుల్ ఫెయిలైతే మామూలుగా మోడల్ (లోడైన టేబుళ్లన్నీ కలిసినది) మొత్తం పాత స్థితిలోనే నిలుస్తుంది, ఓనర్‌కు మెయిల్ వెళ్తుంది. మన కంప్యూటర్‌లో నడిచే పవర్ బీఐ డెస్క్‌టాప్‌లో అయితే ఒక టేబుల్ దెబ్బతిన్నాక మిగతావాటి పక్కన ‘లోడ్ వాజ్ క్యాన్సిల్డ్ బై యాన్ ఎర్రర్ ఇన్ లోడింగ్ ఎ ప్రీవియస్ టేబుల్’ అని వస్తుంది. ఆ వాక్యం ఉన్న టేబుళ్లలో తప్పు వెతకడం వృథా. అసలు ఎర్రర్ ఇంకో టేబుల్ దగ్గర ఉంటుంది, దాన్ని పట్టుకోండి. వరుసగా నాలుగుసార్లు ఫెయిలైతే షెడ్యూల్ తనంతట తానే ఆగిపోతుంది కాబట్టి, ఆ మెయిళ్లు ఎవరూ చూడని ఇన్‌బాక్స్‌కు వెళ్లకుండా చూసుకోవాలి.

కాబట్టి ‘సగం డేటానే వచ్చింది’ అన్న ఫిర్యాదుకు కారణం దాదాపు ఎప్పుడూ విజయవంతంగా ముగిసిన రిఫ్రెష్‌లోనే ఉంటుంది. డేటాను తెచ్చి శుభ్రం చేసే భాగమైన పవర్ క్వెరీకి మనం చెప్పిన ఏదో ఒక స్టెప్ వరుసలను వదిలేసింది, లేదా సోర్స్ నుంచే తక్కువ వచ్చింది. సర్వీస్‌లోని రిఫ్రెష్ హిస్టరీ ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగిసింది, ఫలితం ఏమిటి అన్నంతవరకే చెబుతుంది. ఏ టేబుల్‌లోకి ఎన్ని వరుసలు వచ్చాయో చెప్పదు. ఈ సాఫ్ట్‌వేర్‌లో మాకు కనిపించే పెద్ద లోటు ఇదే. ఇలాంటిదే అయిన క్లిక్ (Qlik) సాఫ్ట్‌వేర్ రీలోడ్ లాగ్‌లో ప్రతి టేబుల్ పక్కనా ఎన్ని లైన్లు తెచ్చిందో ఉంటుంది, పొద్దున్నే ఒక్క చూపుతో తేడా తెలిసిపోతుంది. పవర్ బీఐలో ఆ పని మనమే చేసుకోవాలి.

లెక్క ఎక్కడ తప్పిందో చూడటం

నాలుగు చోట్ల లెక్కపెట్టాలి: సోర్స్‌లో, పవర్ క్వెరీ చివరి స్టెప్‌లో, మోడల్‌లో, విజువల్‌లో (రిపోర్టులోని చార్టు లేదా కార్డులో). మొత్తం సంఖ్య ఒక్కటే చూస్తే చాలదు, నెలవారీగా విడదీయండి. సోర్స్ ఎస్‌క్యూఎల్ అయితే నెలపై గ్రూప్ బై పెట్టి వరుసల సంఖ్య, మొత్తం విలువ రెండూ తీయాలి. పవర్ క్వెరీలో అసలు క్వెరీని ముట్టుకోకుండా, దాని మీద ‘రెఫరెన్స్’ (దాని ఫలితం నుంచి మొదలయ్యే కొత్త క్వెరీ) తీసుకుని ట్రాన్స్‌ఫామ్ మెనూలోని ‘కౌంట్ రోస్’ వాడండి. మోడల్‌లో టేబుల్ వ్యూ తెరిస్తే కింద ఎడమవైపు వరుసల సంఖ్య కనిపిస్తుంది. విజువల్ కోసం ఏ ఫిల్టరూ లేని కొత్త పేజీలో ఒక కార్డ్ పెడితే సరిపోతుంది.

ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. పవర్ క్వెరీ ఎడిటర్‌లో కనిపించేది ప్రివ్యూ మాత్రమే. కాలమ్ క్వాలిటీ, కాలమ్ ప్రొఫైల్ కూడా మొదటి 1,000 వరుసల మీదే లెక్కగడతాయి. ‘ఎర్రర్ 0%’ అని కనిపించినా అది ఆ 1,000 వరుసల సంగతే. కింద స్టేటస్ బార్‌లో 1,000 వరుసల ఆధారంగా అని చెప్పే వాక్యం మీద క్లిక్ చేసి ‘ఎంటైర్ డేటా సెట్’కి మార్చండి. పెద్ద టేబుల్ అయితే ఆలస్యమవుతుంది, అయినా మార్చాల్సిందే.

వచ్చిన సంఖ్యే కొన్నిసార్లు జబ్బు చెప్పేస్తుంది. 65,536కి ఒకటి అటూ ఇటూగా ఆగితే ఎవరో పాత .ఎక్స్‌ఎల్‌ఎస్ ఫార్మాట్‌లో సేవ్ చేశారు. 10,48,576 దగ్గర ఆగితే పెద్ద సీఎస్‌వీని ఎక్సెల్‌లో తెరిచి మళ్లీ సేవ్ చేశారు, ఆ కింద ఉన్నదంతా పోయింది. 30,000 అయితే వేరే రిపోర్టు విజువల్ నుంచి సీఎస్‌వీగా ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైల్‌ను సోర్స్‌గా వాడుతున్నారు. 1,50,000 అయితే అదే పని ఎక్సెల్ రూపంలో చేశారు. సరిగ్గా 100, 200, 250 లాంటి గుండు సంఖ్య వస్తే వెబ్ ఏపీఐ (ఇంకో సాఫ్ట్‌వేర్ నుంచి ఇంటర్నెట్ ద్వారా డేటా ఇచ్చే దారి) మొదటి పేజీ ఇచ్చి ఆగింది, తర్వాతి పేజీలు అడిగే స్టెప్ క్వెరీలో లేదు.

అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ టాలీ నుంచి డే బుక్ (రోజువారీ వోచర్ల జాబితా) ఎక్స్‌పోర్ట్ చేసి వాడే ఆఫీసులు ఏపీ, తెలంగాణల్లో చాలా ఉన్నాయి. డే బుక్ మామూలుగా ఒక్క తేదీకే తెరుచుకుంటుంది. ఆల్ట్ ఎఫ్2తో పీరియడ్ మార్చకుండా ఎక్స్‌పోర్ట్ కొడితే వచ్చేది ఆ ఒక్కరోజు వోచర్లే. ఇలాంటి ఫైల్ ఫోల్డర్‌లో చేరితే పవర్ బీఐ తప్పు పట్టదు, పట్టలేదు కూడా.

తేదీలు: అన్నిటికన్నా ఎక్కువ నష్టం ఇక్కడే

ఎక్సెల్, సీఎస్‌వీ ఫైళ్లు లోడ్ చేసేటప్పుడు పవర్ క్వెరీ మొదటి 200 వరుసలు చూసి కాలమ్ రకాన్ని తానే ఊహిస్తుంది. ‘చేంజ్‌డ్ టైప్’ అనే స్టెప్ అలా పుట్టిందే. తేదీలను ఏ దేశం పద్ధతిలో చదవాలో చెప్పే లొకేల్ ఇంగ్లీష్ (యునైటెడ్ స్టేట్స్)లో ఉండి, ఫైల్‌లో తేదీలు మన పద్ధతిలో రోజు/నెల/సంవత్సరంగా ఉన్నాయనుకోండి. ఫైల్ ఒకటో తారీఖు నుంచి మొదలవుతుంది కాబట్టి మొదటి 200 వరుసల్లో 12 దాటిన రోజు ఉండకపోవచ్చు. దాంతో అది తేదీ కాలమే అని పవర్ క్వెరీ నిర్ణయించుకుంటుంది.

ఇక 13/04/2025 దగ్గరికి వచ్చేసరికి 13వ నెల లేదు కాబట్టి ఎర్రర్. ఏప్రిల్‌లో 13 నుంచి 30 వరకు 18 రోజుల తేదీలు అలా పోతాయి. డెస్క్‌టాప్ లోడ్ చేసేటప్పుడు ఎర్రర్ ఉన్న సెల్‌ను ఖాళీగా నింపి, ఎన్ని ఎర్రర్లున్నాయో ‘వ్యూ ఎర్రర్స్’ లింకుతో చూపిస్తుంది. ఆ డబ్బాను చదవకుండా మూసేస్తే ఆ అమ్మకాలు మోడల్‌లో ఉంటాయి గానీ ఏ నెలకూ చెందవు.

కనిపించే ఎర్రర్ కన్నా కనిపించనిదే పెద్ద ప్రమాదం. 05/04/2025ను అది మే 4గా చదువుతుంది, 01/04/2025 జనవరి 4 అవుతుంది. దీనికి ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు, వరుసల సంఖ్య మారదు. ఏడాది ఫైల్ మొత్తం ఇలా చదివితే ‘ఏప్రిల్’ కింద చేరేది నిజానికి పన్నెండు నెలల నాలుగో తారీఖుల అమ్మకం. నెలవారీ సరిచూడమని పైన గట్టిగా చెప్పింది ఇందుకే. మొత్తం వరుసలు సరిపోయినా నెలలు సరిపోకపోతే వెంటనే తేదీనే అనుమానించండి.

మందు సులువే. ఆటోమేటిక్ ‘చేంజ్‌డ్ టైప్’ స్టెప్ తీసేయండి. తేదీ కాలమ్ మీద కుడి క్లిక్, చేంజ్ టైప్, యూజింగ్ లొకేల్, తేదీ, ఇంగ్లీష్ (ఇండియా). ఫైల్ మొత్తానికి కావాలంటే ఆప్షన్స్‌లో ‘కరెంట్ ఫైల్’ కింద ఉన్న రీజినల్ సెట్టింగ్స్‌లో మార్చవచ్చు. కాలమ్ దగ్గర మార్చడమే మేలు. రేపు ఎవరైనా ఆ క్వెరీని ఇంకో ఫైల్‌లోకి కాపీ చేసినా అది వెంట వస్తుంది.

ఈ 200 వరుసల ఊహ సంఖ్యలను కూడా పాడుచేస్తుంది. పరిమాణం కాలమ్‌లో మొదటి 200 వరుసలూ పూర్ణ సంఖ్యలైతే ‘హోల్ నంబర్’ అని నిర్ణయిస్తుంది. ఆ తర్వాత వచ్చే 12.4 క్వింటాళ్లు 12 అయిపోతాయి, ఎర్రర్ లేకుండానే. జీఎస్‌టీలో సరుకును గుర్తించే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ సంగతీ ఇంతే: మిర్చి వచ్చే 0904 కోడ్ 904 అవుతుంది, పాల 0401 కోడ్ 401 అవుతుంది. సరుకుల మాస్టర్ జాబితాలో అది టెక్స్ట్‌గా 0904 అనే ఉంటే రెండూ కలవవు. కోడ్‌లు, ఇన్‌వాయిస్ నంబర్లు, పిన్‌కోడ్‌లు, జీఎస్‌టీ నంబర్లు అన్నీ టెక్స్ట్‌గానే ఉంచండి. కూడికలు, తీసివేతలు చేయని దేన్నీ నంబర్‌గా మార్చనక్కర్లేదు.

ఫోల్డర్ నుంచి ఫైళ్లు కలిపేటప్పుడు

బ్రాంచీల ఫైళ్లన్నీ ఒక ఫోల్డర్‌లో వేసి కలపడం పవర్ బీఐలో చాలా మంచి సదుపాయం. అయితే అది ఒక నమూనా ఫైల్‌ను చూసి మిగతావన్నీ అలాగే ఉంటాయని నమ్ముతుంది. సీఎస్‌వీ అయితే తయారైన ఫార్ములాలో ‘కాలమ్స్=14’ అని రాసుకుంటుంది. తర్వాత ఒక బ్రాంచి 15వ కాలమ్ చేర్చితే అది రాదు, ఎర్రరూ రాదు. ఆ ‘కాలమ్స్’ భాగాన్ని ఫార్ములా బార్‌లో చెరిపేయాలి. తర్వాత ఎక్స్‌పాండ్ చేసే స్టెప్‌లోనూ కాలమ్‌ల పేర్ల జాబితా గట్టిగా రాసి ఉంటుంది, దాన్నీ చూడాలి.

ఎక్సెల్ ఫైళ్లలో షీట్ పేరు తేడాగా ఉంటే ‘ద కీ డిడ్ నాట్ మ్యాచ్ ఎనీ రోస్ ఇన్ ద టేబుల్’ అనే ఎర్రర్ వస్తుంది. అది మంచి ఎర్రర్, మిమ్మల్ని ఆపుతోంది. దాన్ని తప్పించుకోవడానికి కంబైన్ డైలాగ్‌లో ‘స్కిప్ ఫైల్స్ విత్ ఎర్రర్స్’ టిక్ పెడితే మాత్రం ఆ బ్రాంచి ఫైల్ మొత్తం గల్లంతు. రిపోర్టు రిఫ్రెష్ అవుతుంది, బ్రాంచి కనబడదు. ‘రిమూవ్ ఎర్రర్స్’ బటన్ కూడా ఇదే కోవలోది. ఒక సెల్‌లో తేదీ పాడైతే ఆ వరుసలోని రూపాయలు కూడా పోతాయి. డేటా తగ్గిందని ఎవరైనా పంపిన ఫైల్ తెరిచినప్పుడు ముందు ఈ రెండింటి కోసమే వెతకాలి. ‘రిమూవ్ ఎర్రర్స్’ స్థానంలో, అసలు క్వెరీ మీద రెఫరెన్స్ తీసుకుని ‘కీప్ ఎర్రర్స్’ పెట్టండి. ఎర్రర్ వరుసలన్నీ విడిగా ఒక జాబితాగా వస్తాయి, వాటిని పంపిన బ్రాంచికే తిప్పి పంపవచ్చు.

సీఎస్‌వీలో చిరునామా మధ్య ఎంటర్ కొట్టి ఉంటే ఒక వరుస రెండుగా చీలుతుంది. సోర్స్ స్టెప్ పక్కనున్న గేర్ గుర్తులో లైన్ బ్రేక్స్ సెట్టింగ్‌ను కొటేషన్ల లోపలివి పట్టించుకోకుండా మార్చాలి. మార్చాక వరుసలు హఠాత్తుగా బాగా తగ్గితే, ఎక్కడో ఒక కొటేషన్ మొదలై ముగియలేదని అర్థం. దాని తర్వాతి వరుసలన్నీ ఒకే సెల్‌లో చేరిపోయి ఉంటాయి.

ఎక్సెల్‌తో ఇంకో విచిత్రమైన చిక్కు ఉంది. ఈఆర్‌పీ (సంస్థ లావాదేవీలన్నీ నడిపే) సాఫ్ట్‌వేర్లు తయారుచేసిన కొన్ని .ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఫైళ్లను ఎక్సెల్‌లో తెరిస్తే డేటా అంతా ఉంటుంది, పవర్ క్వెరీలో కొన్ని వరుసలో, కాలమ్‌లో మాత్రమే వస్తాయి. కారణం, ఫైల్ లోపల షీట్ కొలతలు తప్పుగా రాసి ఉండటం. ఫైల్ కాపీకి .జిప్ అని పేరు మార్చి, ఎక్స్‌ఎల్ ఫోల్డర్‌లోని వర్క్‌షీట్స్‌లో షీట్ ఎక్స్‌ఎంఎల్ తెరిచి ‘డైమెన్షన్’ అన్న చోట చూడండి. అక్కడ ఏ1:సీ200 అని ఉండి డేటా 5,000 వరుసలు ఉంటే దొంగ దొరికినట్టే. ఆ ఫైల్‌ను ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేస్తే కొలత సరవుతుంది. రోజూ వచ్చే ఫైల్ అయితే ఎక్సెల్.వర్క్‌బుక్ ఫంక్షన్‌లో ‘ఇన్ఫర్‌షీట్‌డైమెన్షన్స్ = ట్రూ’ అనే ఆప్షన్ ఇస్తే పవర్ క్వెరీ కొలతను తానే లెక్కగడుతుంది.

రెండు టేబుళ్లను జతచేసే మెర్జ్ స్టెప్ గురించి రెండు మాటలు. జాయిన్ రకం ‘ఇన్నర్’ అయితే మాస్టర్‌లో లేని కస్టమర్ అమ్మకాలన్నీ పోతాయి, ‘లెఫ్ట్ ఔటర్’ పెట్టండి. పవర్ క్వెరీ పెద్ద, చిన్న ఇంగ్లీష్ అక్షరాలను వేరువేరుగా చూస్తుంది, చివరి స్పేస్‌ను కూడా లెక్కలోకి తీసుకుంటుంది. మెర్జ్‌కు ముందు రెండువైపులా ట్రిమ్, అప్పర్‌కేస్ చేయండి. మోడల్ రిలేషన్‌షిప్‌లో అయితే జత దొరకనివి ‘బ్లాంక్’ పేరుతో ఒక వరుసగా కనిపిస్తాయి. బాగాలేదని ఆ బ్లాంక్‌ను ఫిల్టర్‌తో దాచేస్తే, దాంతోపాటే డబ్బూ దాగిపోతుంది.

ఐదున్నర గంటల తేడా, పాత తేదీ ఎంట్రీలు

‘నిన్నటి వరకు’ అని ఫిల్టర్ పెట్టి, తెల్లవారుజామున 4 గంటలకు రిఫ్రెష్ షెడ్యూల్ చేసేవారు ఇది గమనించాలి. గేట్‌వే (ఆఫీసులోని డేటాను సర్వీస్‌కు చేర్చే సాఫ్ట్‌వేర్) లేకుండా క్లౌడ్‌లో నేరుగా నడిచే క్వెరీల్లో ‘డేట్‌టైమ్.లోకల్‌నౌ’ ఇచ్చేది మనకన్నా ఐదున్నర గంటలు వెనక ఉండే యూటీసీ సమయం. మనకు తెల్లవారి 4 అయితే అక్కడ ముందురోజు రాత్రి 10:30. కాబట్టి దాని లెక్కలో ‘ఇవాళ’ అంటే మన నిన్న. ఒక పూర్తి రోజు అమ్మకం రాదు. అదే క్వెరీని పగలు డెస్క్‌టాప్‌లో నడిపితే అన్నీ సరిగ్గా వస్తాయి, అందుకే కారణం పట్టుకోవడం కష్టమవుతుంది. రిఫ్రెష్‌ను 5:30 తర్వాతికి మార్చినా చాలు. పక్కాగా కావాలంటే ‘డేట్‌టైమ్‌జోన్.యూటీసీనౌ’ తీసుకుని, ‘డేట్‌టైమ్‌జోన్.స్విచ్‌జోన్’కు 5, 30 ఇచ్చి మన సమయానికి మార్చండి. పవర్ బీఐ ఫార్ములా భాష డాక్స్‌ (DAX)లోని టుడే ఫంక్షన్ కూడా సర్వీస్‌లో యూటీసీనే పాటిస్తుంది.

ఇటీవలి భాగాన్నే మళ్లీ తెచ్చే ఇంక్రిమెంటల్ రిఫ్రెష్ పెద్ద టేబుళ్లకు వరం లాంటిది. ‘రేంజ్‌స్టార్ట్’, ‘రేంజ్‌ఎండ్’ అనే రెండు పారామీటర్లు ఉండాలి, రకం డేట్/టైమ్ కావాలి. ఫిల్టర్‌లో ఒకవైపే ‘సమానం’ ఉండాలి: మొదలుకు సమానం లేదా ఎక్కువ, ముగింపుకు తక్కువ. రెండువైపులా సమానం పెడితే సరిహద్దు వరుసలు రెండుసార్లు వస్తాయి, ఏ వైపూ పెట్టకపోతే అసలు రావు.

మన దగ్గర దీనికి వచ్చే అసలు ఇబ్బంది పాత తేదీతో వేసే ఎంట్రీలు. రిఫ్రెష్ విండో, అంటే ప్రతిసారీ మళ్లీ లోడయ్యే కాలం, చివరి 10 రోజులు అనుకుందాం. అకౌంటెంట్ 25న కూర్చుని 2వ తారీఖుతో క్రెడిట్ నోట్ వేస్తే అది విండో బయట పడుతుంది, ఎప్పటికీ రిపోర్టులోకి రాదు. ‘డిటెక్ట్ డేటా చేంజెస్’ ఆప్షన్ కూడా దీన్ని పట్టుకోదు, ఎందుకంటే అది వెతికేది ఆ విండో లోపలే. అమ్మకాల జీఎస్‌టీ రిటర్న్ అయిన నెలవారీ జీఎస్‌టీఆర్-1 గడువు తర్వాతి నెల 11 కాబట్టి అప్పటిదాకా పుస్తకాల్లో సవరణలు జరుగుతూనే ఉంటాయి. విండో కనీసం 2 నెలలు పెట్టండి. ఆర్థిక సంవత్సరం ముగిశాక ఆడిట్ ఎంట్రీలు వచ్చినప్పుడు డెస్క్‌టాప్ ఫైల్‌ను మళ్లీ పబ్లిష్ చేసి చరిత్ర మొత్తం ఒకసారి తిరిగి లోడ్ చేయాలి.

గేట్‌వే వల్ల డేటా తగ్గడం అరుదు. అది పనిచేస్తుంది, లేదా ఎర్రర్ ఇస్తుంది. నిద్రపోయే ల్యాప్‌టాప్‌లో పెట్టకండి. జెడ్ డ్రైవ్ లాంటి మ్యాప్ చేసిన అక్షరాలు గేట్‌వే సర్వీస్ ఖాతాకు కనిపించవు, సర్వర్ పేరుతో మొదలయ్యే పూర్తి నెట్‌వర్క్ దారి ఇవ్వండి. ఒక్కరికే డేటా తక్కువ కనిపిస్తోందంటే లోడ్ జోలికి వెళ్లకుండా రో లెవెల్ సెక్యూరిటీ (ఎవరికి ఏ వరుసలు కనిపించాలో చెప్పే నియమాలు) చూడండి. ‘వ్యూ యాజ్’తో వాళ్ల పాత్రలోకి మారితే రెండు నిమిషాల్లో తేలుతుంది.

కావాలనే ఫెయిల్ చేయించడం

రిఫ్రెష్ ఫెయిలైతే పాత డేటా భద్రంగా ఉండి మెయిల్ వస్తుంది కదా, ఆ గుణాన్నే కాపలాకు వాడుకోవచ్చు. ప్రతి పెద్ద టేబుల్ క్వెరీ చివర ఒక స్టెప్ రాయండి: ‘ఇఫ్ టేబుల్.రోకౌంట్(చివరి స్టెప్) < ఉండాల్సిన సంఖ్య దెన్ ఎర్రర్ "వరుసలు తగ్గాయి" ఎల్స్ చివరి స్టెప్’. ఉండాల్సిన సంఖ్యను చేత్తో రాయకండి. సోర్స్ డేటాబేస్‌లో కౌంట్ క్వెరీ నుంచి తెచ్చుకోండి. ఫోల్డర్ అయితే ఫైళ్ల సంఖ్యను బ్రాంచీల సంఖ్యతో పోల్చండి: 12 బ్రాంచీలకు 11 ఫైళ్లే వస్తే రిఫ్రెష్ ఆగిపోవాలి. పవర్ క్వెరీ చివరి ఫలితానికి అవసరమైన స్టెప్‌లనే నడుపుతుంది కాబట్టి ఈ కాపలా స్టెప్ క్వెరీ కోడ్ చివర ఉండే ‘ఇన్’ అనే పదం తర్వాత వచ్చేదై ఉండాలి. మధ్యలో రాసి వదిలేస్తే అది ఎప్పటికీ నడవదు.

దీనికి కొంత ఖర్చుంది. ఎస్‌క్యూఎల్ సోర్స్ అయితే లెక్కించే పని డేటాబేస్‌కే వెళ్తుంది, పెద్దగా తేడా పడదు. సీఎస్‌వీ, ఎక్సెల్ ఫోల్డర్లయితే ఫైళ్లను రెండుసార్లు చదవాల్సి రావచ్చు, సమయం దాదాపు రెట్టింపవుతుంది. ప్రో లైసెన్స్‌లో ఒక రిఫ్రెష్‌కు 2 గంటల గడువు, రోజుకు 8 రిఫ్రెష్‌లు, మోడల్‌కు 1 జీబీ పరిమితి. 2025 ఏప్రిల్ నుంచి దాని ధర ఒక్కొక్కరికి నెలకు 14 డాలర్లు. కొన్ని లక్షల వరుసలుండే డిస్ట్రిబ్యూటర్, ఆసుపత్రి, విద్యాసంస్థల గ్రూపులకు కాపలా స్టెప్‌లతో కలిపి కూడా అది చాలు. మీ రిఫ్రెష్ ఇప్పటికే గంట దాటుతుంటే ముందు సీఎస్‌వీ ఫోల్డర్‌ను ఒక ఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లోకి మార్చండి. అది కుదరకపోతేనే 24 డాలర్ల ప్రీమియం పర్ యూజర్ గురించి ఆలోచించండి, అందులో గడువు 5 గంటలు, రోజుకు 48 రిఫ్రెష్‌లు.